గునుగుపూల వైశాల్యం

"లిఫ్టుల వస్తే ఎవరన్నొకరు కలుస్తరు గిరీశన్నా. అందుకే మెట్లు పట్టిన," అన్నాడు రాజేందర్, ఆయాసంతో ఆరో అంతస్తు దగ్గర ఆగి.

"నిన్నటి నుంచి కనపడల్యా అంటే ఇదా సార్ సంగతి!" అంటూ గిరీష్ మెట్టు మీద చోటిచ్చాడు. పుప్పాలగూడలోని ఆ అపార్ట్‌మెంటులో అతనిది ఎదురు ఫ్లాటే. అనంతపురం నుంచి ఉద్యోగానికి వచ్చినవాడు. ఎదుటివాడు చెప్పుకుంటుంటే తొందరపెట్టే అలవాటు లేదు.

రాజేందర్‌ది సిద్దిపేట వైపు. ప్రైవేటు బడిలో లెక్కల సారు. పుట్టినరోజు టోపీని కత్తిరించి బల్లమీద పరిచి, శంకువు ప్రక్కతల వైశాల్యం ఇట్టే చెప్పేస్తాడని పిల్లలకు ఇష్టం. ఆ ధీమాతోనే, సద్దుల బతుకమ్మకు గునుగుపూలెన్ని కావాలో తానే తేలుస్తానన్నాడు. పేర్చేది వాళ్లమ్మ ఎల్లమ్మ.

"సూత్రం తప్పు పోలేదన్నా. ఏటవాలు ఎత్తు తోటే కట్టిన. కానీ పువ్వు కాగితం కాదు గదా! కాడలు లోపలికి పెట్టి వరుస మీద వరుస పేరుస్తరు. కింది పువ్వు సగం పైదాని కిందనే దాగుతది. బయటికి కనబడేదే లెక్కేసిన."

గిరీష్ తల ఊపాడు. మిగిలింది అతను చూసిందే. పేర్చడం మొదలుకాకముందు పైఅంతస్తు నవ్య గంపెడు బంతిపూలు తెచ్చిస్తే, "మా పోరడు లెక్కల సారు బిడ్డా, మాకు తక్కువ పడది" అని ఎల్లమ్మ నవ్వుతూ తిప్పి పంపింది. తీరా నడుమెత్తు రావలసిన బతుకమ్మ మోకాలి దగ్గరే ఆగింది. అప్పటికి నవ్య పూలు తన బతుకమ్మకే ఎక్కిపోయాయి. "ఇది బతుకమ్మనా, బోర్లించిన బకెట్టా?" అని వెనక నుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు.

"అప్పుడు అమ్మ ఏమన్నదో ఇన్నవా? 'ముసల్దాన్ని, నా చెయ్యే అంచన తప్పింది. పోరడు ఎక్కువ తెస్తనంటే నేనే వద్దన్న' అన్నది. నేను పక్కనే ఉన్న. ఫోన్ పట్టుకొని వీడియో తీస్తున్న. నోరు లేవలే."

"మీరే చెప్పొచ్చు కదా సార్, ఇప్పుడైనా."

"బోర్డు మీద తప్పైతే తుడిచేస్త. ఇది తుడువ రాదన్నా." రాజేందర్ చేతుల్లో ముఖం దాచుకున్నాడు. "పొద్దుగాల నుంచి సంచి సదురుతుంది. ఊరికి పోతదట. 'ఇగ ఈ ఆడోళ్ల ముందట నేను పూలు ముట్ట బిడ్డా' అంటది. నా మీద కోపం గూడ లేదు. గదే నన్ను తింటుంది."

కింద లిఫ్టు తలుపు తెరుచుకున్న చప్పుడుకు రాజేందర్ ఉలిక్కిపడి గోడవైపు జరిగాడు. ఆ జరగడం తనకే రోత పుట్టించిందేమో, లేచి నిలబడ్డాడు.

"అన్నా, జర నవ్యమ్మను మా ఇంటికి తోల్కరా. ఎందుకని అడిగితే పని ఉందను. తప్పింది నా లెక్కేనని అమ్మ ముందటనే చెప్త. నువ్వు పో, మళ్ల నా మనసు మారకముందే పో."