రెక్కలోడి సినిమాలో నేను చూడని ముగింపు

మా చిన్నప్పుడు... ఆళ్లగడ్డ హైస్కూల్లో ఎనిమిదో తరగతి మొత్తాన్ని ఒకడు మోసం చేశాడు. నిజం చెప్పిన ఆడపిల్ల నోరు మూయించాడు. ఆ ఒకడు నేనే.

అప్పట్లో కొత్త బొమ్మ ముందు నంద్యాలలో పడేది. మా ఊరి టాకీసుకు రీలు రావాలంటే రెండు మూడు నెలలు. అందాకా నంద్యాలలో చూసొచ్చినవాడే మాకు సినిమా. మధ్యాహ్నం బువ్వ తిన్నాక సైకిల్ స్టాండు నీడలో వాడిని నడిమధ్య కూర్చోబెట్టి, పేర్లు పడే దగ్గర్నుంచి కథ చెప్పించుకునేవాళ్లం... ఫైటింగులన్నీ నోటితోనే.

మా మామ నంద్యాలలో ఉండడం వల్ల ఆ నడిమి చోటు ఎక్కువగా నాదే.

రెక్కలోడి సినిమా కూడా అట్లాగే మ్యాట్నీ చూశాను. డబ్బింగ్ బొమ్మ. ఇనుప రెక్కలు కట్టుకుని జనాన్ని కాపాడే మనిషి కథ. చివర్లో విలన్ డ్యాము గేట్లు పగలగొట్టాడు, నీళ్లు ఎగిసిపడుతున్నాయి, ఇద్దరూ గోడ మీద కలబడ్డారు... సరిగ్గా అప్పుడే మామ నా చెయ్యి పట్టుకుని లేపాడు, ఆళ్లగడ్డ బస్సు పోతుందని. ఎంత బతిమాలినా వినలేదు.

చివర చూడలేదని చెప్పుకోవడానికి నామోషీ. మరుసటి రోజు, రెక్కలోడు విలన్ మెడ విరిచి నీళ్లలోకి విసిరేశాడని చెప్పేశాను. అందరూ చప్పట్లు కొట్టారు.

రెండో భాగం ఉందని పోస్టరు మీదే వేశారు. ఇక రోజూ అదే చర్చ. చచ్చినోడికి తమ్ముడు ఉంటాడని, పగ తీర్చుకోవడానికి వస్తాడని నా జతగాడు ఖాజా. తమ్ముడు కాదు, వాడే దయ్యమై వస్తాడని ఇంకొకడు. కొట్టుకునేదాకా పోయేది... ఆ ఊహలన్నీ నా అబద్ధం మీద కట్టినవే.

మా తరగతిలో మేరీ సుజాత అని ఉండేది. వాళ్ల నాయన బడిపంతులు, చర్చిలో పెద్ద. ఆ ఇంట్లో సినిమా అన్న మాటే పనికిరాదు. టాకీసు గడప తొక్కని పిల్ల. కానీ నేను కథ చెబుతుంటే చెవులప్పగించి వినేది. ఒకరోజు, అందరూ అరిచి అలిసిపోయాక, నెమ్మదిగా అంది.

"నువ్ చెప్పిన కతలో వాడు ఎవుర్నీ సంపలేదు గదా. రైల్లోంచి పడిపోతాండే దొంగను గూడా పట్టుకున్న్యాడంటివి. అట్లాటోడు కడాకు మెడ ఎట్ల ఇరుస్తాడప్పా? వాన్ని గూడా ఎత్తుకోని బయటికొచ్చింటాడు. రెండో దాంట్లో ఆ విలనే రెక్కలోడి పక్కన నిలబడతాడు, సూడు."

అందరూ నా మొహం చూశారు.

ఆ వయసుకే నాకు కరపత్రాల పిచ్చి. నంద్యాల బస్టాండులో ఏ సంఘంవాళ్లు పంచినా ఏరుకొచ్చి చదివేవాడిని. అన్యాయాన్ని ఎదిరించండి అన్న మాట కనబడితే ఒళ్లు ఉడికిపోయేది. న్యాయమంతా నా జేబులోనే ఉందనుకునేవాడిని. ఆ సాయంత్రం కార్బన్ పేపర్లు పెట్టుకుని నేనూ ఒకటి రాశాను. "సినిమా చూడనివారి తప్పుడు ప్రచారాన్ని ఖండించండి." కింద, ఆ ప్రచారం చేసింది ఈమే అని సుజాత పేరు, తరగతి, సెక్షనుతో సహా. ఒకటి బడి గేటుకే అంటించాను.

అది వాళ్ల నాయన కంట పడింది.

మరుసటి రోజు ఆయన ఆ కాగితం పట్టుకుని మా తరగతికి వచ్చాడు. అరవలేదు. "సినిమా కతలు చెప్తాండావంట, నిజమేనా?" అని అందరి ముందే అడిగాడు.

"యిన్న్యా నాయనా. సూడలేదు," అంది సుజాత.

అని, ఒక్కసారి నా వైపు చూసింది. చివర నేనూ చూడలేదని అప్పుడు లేచి చెప్పి ఉంటే సరిపోయేది... లేవలేదు. నేల చూపులు చూస్తూ కూర్చున్నాను.

ఆ రోజు నుంచి ఆమె మధ్యాహ్నం ఇంటికే పోయేది. తర్వాతెప్పుడో తెలుగు సారు ఒక్కొక్కరిని లేపి ఒక కథ చెప్పమన్నారు. సుజాత లేచి, నాకు కథలు రావు సార్ అని కూర్చుంది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

మూడు నెలలకు మా టాకీసుకు రీలు వచ్చింది. చివర్లో రెక్కలోడు విలన్‌ను భుజాన వేసుకుని నీళ్లలోంచి నడిచొచ్చాడు. ఖాజా నా వైపు తిరిగి, "ఏందిరా ఇది?" అన్నాడు. మనూరికి వేరే రీలు పంపినారని, నంద్యాలలో చంపడం నేను కళ్లారా చూశానని చెప్పాను. నమ్మారు. నంద్యాల మాటకు ఎదురేముంది అప్పట్లో...

ఇన్నేళ్లకు ఆ రెండో భాగం వస్తోంది. పోస్టరులో రెక్కలోడి పక్కన ఆ విలనే నిలబడి ఉన్నాడు. ఎందుకు నిలబడ్డాడో తేల్చుకోలేక ఈ గ్రూపులో అందరూ తలా ఒక కథ అల్లుతున్నారు. పదమూడేళ్ల పిల్ల, ఒక్క బొమ్మ కూడా చూడకుండా, సైకిల్ స్టాండులో కూర్చుని ఎప్పుడో చెప్పేసింది.

సుజాత ఇప్పుడు నంద్యాలలో టీచరు. పోయిన వారం వాళ్ల బడికి వెళ్లి తప్పంతా ఒప్పుకున్నాను. చివరిదాకా విన్నది.

"నాకు చెప్తే ఏమొస్తాదప్పా. ఆ పొద్దు ఎవురి ముందర నన్ను అబద్దాలకోరును జేసినావో, వాళ్లకు చెప్పు," అంది.

ఇప్పుడు నంద్యాలలో పడిన రోజే ఆళ్లగడ్డలోనూ బొమ్మ పడుతోంది. ఎవరినీ నడిమధ్య కూర్చోబెట్టి కథ అడిగే పని లేదు. ఒకరు చెబుతుంటే పదిమంది కళ్లు మూసుకుని చూసే సినిమా మాత్రం పోయింది... మీ ఊళ్లో అట్లా కథ చెప్పినవాళ్లెవరో కింద రాయండి.

మా ఎనిమిదో తరగతి వాళ్లు మాత్రం రాయొద్దు, రండి. వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు, మన బడి గ్రౌండుకు. ఖాజా, నువ్వు తప్పకుండా రావాలి. సుజాత వస్తానని అనలేదు, రాననీ అనలేదు. ఆమె వచ్చినా రాకపోయినా, సరిగ్గా నాలుగింటికి నేను లేచి నిలబడతాను.