చుక్కల మాస్టారి దీవులు

చొక్కాల ఫ్యాక్టరీలో ఆయన పని తప్పులు పట్టడం. కుట్టు పూర్తయిన చొక్కాలు బల్ల మీదికి వస్తాయి. కాలరు తిప్పి, బొత్తాలు లాగి, చేతులు తిరగేసి చూసి, లోపం ఉన్నచోట చుక్కలాంటి గుండ్రటి ఎర్ర స్టిక్కరు అంటిస్తాడు. చుక్క పడ్డ చొక్కా వెనక్కి పోతుంది. కుట్టేవాళ్ళంతా ఆయన్ని చుక్కల మాస్టారు అంటారు. అది గౌరవంతో పెట్టిన పేరని ఆయన ఈనాటికీ నమ్ముతున్నాడు. నమ్మనివ్వండి, మన సొమ్మేం పోయింది!

ఆ పని ఆ బల్ల దగ్గరే ఆగిపోతే గొడవే లేదు. స్టిక్కర్ల చుట్ట జేబులో పెట్టుకునే ఇంటికొస్తాడు మహానుభావుడు. ఫ్రిజ్ తలుపు మీద ఓ చుక్క, రబ్బరు వదులైందని. పెళ్ళి ఆల్బమ్ మీద ఓ చుక్క, అట్ట వంకరగా అతికించారని. ఆయన అక్కగారు బేకరీ నడుపుతుంది. ఆవిడ ప్రేమగా పంపిన కేకు డబ్బా మీద కూడా చుక్క పెట్టాడు, క్రీము ఒకవైపుకి ఒరిగిందట. సగం కేకు తిన్నాకే పెట్టాడు లెండి.

ఇలాంటివాడితో కాపురం చేస్తున్న ఇల్లాలు ఊళ్ళోని ఈతకొలనులో పనిచేస్తుంది. కౌంటర్లో కూర్చుని టోకెన్లు, లాకరు తాళాలు ఇస్తుంది. సెలవురోజుల్లో అక్కడ స్కూబా నేర్పే కోచ్ ఒకామె వస్తుంది. ఒకసారి ఆ కోచ్ ఊరికే కూర్చున్న ఈమెను చూసి, "రండి మేడమ్, ఒక్కసారి ఊపిరి పీల్చి చూడండి" అని సిలిండరు తగిలించి నీళ్ళలోకి దింపింది. నీళ్ళ అడుగున మొదటిసారి ఊపిరి తీసుకున్నప్పుడు ఈమెకు ఏడుపొచ్చింది. కళ్ళద్దాల్లోపల ఏడిస్తే తుడుచుకోవడం కుదరదని కూడా అప్పుడే తెలిసింది. ఆ తర్వాత పట్టుబట్టి పూర్తిగా నేర్చుకుంది. ఇక మిగిలింది సముద్రమే.

ఆ సముద్రానికి గడువు పడింది. చెవిలోని చిన్న ఎముక బిగుసుకుపోతోందనీ, వినికిడి తగ్గుతోందనీ, ఆపరేషన్ తప్పదనీ డాక్టరు చెప్పాడు. డైవింగ్ గురించి అడిగితే మళ్ళీ పరీక్షలు చేసి, "ఇప్పుడైతే వెళ్ళి రండి. ఆపరేషన్ అయ్యాక మాత్రం లోతు నీళ్ళలోకి దిగడం జన్మలో కుదరదు" అన్నాడు. వర్షాలు మొదలయ్యేలోపు ఆపరేషన్. అంటే సముద్రం అడుగు చూస్తే ఈలోపే చూడాలి, లేకపోతే ఇక లేదు.

ఇంటికొచ్చి మొగుడితో చెప్పింది. ఆయన గంభీరంగా తలాడించాడు.

"వెళ్దాం. కాని దీవిని నేను ఎంచుతాను. నీకు కంటికి కనిపించిందల్లా నచ్చుతుంది."

నిజమే. అలా నచ్చబట్టే కదా ఆయన్ని చేసుకుంది!

హాల్లో గోడకి దీవులన్నీ ఉన్న పెద్ద పటం తగిలించాడు. సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, ఫోన్ పట్టుకుని పటం ముందు కూర్చునేవాడు. ఆ దీవులకి వెళ్ళొచ్చి మెచ్చుకుంటూ రాసినవాళ్ళ మాటలు చదివేవాడు కాదు. వాళ్ళంతా డబ్బు తిన్నవాళ్ళట! ఒక్క నక్షత్రం ఇచ్చి తిట్టినవాళ్ళని మాత్రం వెతికి వెతికి చదివేవాడు.

మొదట పోయింది తాబేళ్ళ దీవి.

"ఇదిగో, ఒకాయన రాశాడు. తాబేళ్ళు ఆయన్ని బొత్తిగా పట్టించుకోలేదట."

"పట్టించుకోవడానికి అవేమన్నా మన చుట్టాలా అండీ?"

"అంత దూరం పోయాక ఆమాత్రం మర్యాద ఉండాలి కదే!" అని ఎర్రచుక్క అంటించాడు.

పగడాల దీవిలో నీళ్ళు మరీ ఉప్పగా ఉన్నాయని ఎవరో మహాతల్లి రాసింది. చుక్క. ఇంకో దీవి దగ్గర పాత ఓడ మునిగి ఉంది, దాన్ని చూడ్డానికే జనం వెళ్తారు. ఆ ఓడ బాగా తుప్పు పట్టిందనీ, నిర్వహణ బొత్తిగా లేదనీ ఎవరో ఫిర్యాదు చేశారు. "చూశావా?" అని మాస్టారు గర్వంగా మీసం దువ్వుకుని చుక్క అంటించాడు. మునిగిన ఓడకి రంగులేయించే వాడెవడో కూడా చెప్పి ఉంటే బాగుండేది!

ఎండలు ముదిరాయి. పటం నిండా దద్దుర్లు లేచినట్టు ఎర్రచుక్కలు. ఈమెకు కుడివైపు నుంచి ఎవరైనా పిలిస్తే వినిపించడం మానేసింది. టోకెను అడిగినవాళ్ళని రెండోసారి అడిగించుకుంటోంది. లోపల గుబులుగా ఉండేది, కాని ఆయన నిమ్మకు నీరెత్తినట్టు ఫోన్ గీకుతూ కూర్చునేవాడు.

చివరికి ఒక్క దీవి మిగిలింది. దాని మీద ఒక్క చెడ్డమాట దొరకలేదు. మాస్టారికి తిండి సయించలేదు. అక్కడి హోటలు గదుల ఫోటోలు పెద్దవి చేసి దుప్పటి కుట్లు కూడా చూశాడు. అన్నీ సూటిగా ఉన్నాయి. ఈమె హాలు గుమ్మంలో నిలబడింది. ఆ సాయంత్రం కేకులు ఇవ్వడానికొచ్చిన అక్కగారు కూడా చూస్తూ కూర్చుంది.

"అయితే ఇదేనా అండీ?" అని అడిగింది ఈమె.

ఆయన పెదవి విరిచాడు. "ఇన్నేళ్ళలో ఒక్క తప్పూ లేని చొక్కా నా బల్ల మీదికి రాలేదు. తప్పు కనిపించలేదంటే మడతలో దాచారన్నమాట. ఇది అన్నిటికంటే ప్రమాదం." అంటూనే చుక్క పెట్టేశాడు.

అక్కగారు గుడ్లప్పగించి చూసింది. "ఒరేయ్, నీకేమన్నా పిచ్చా? ఆ పిల్లకి ఇంకో అవకాశం లేదురా!"

"అందుకే కదక్కా ఇంత జాగ్రత్త! వచ్చే ఏడు తీరిగ్గా చూద్దాం."

వచ్చే ఏడు! భార్య ఆపరేషన్ సంగతి ఆయన గారికి గుర్తే లేదు. తుప్పు పట్టిన ఓడ గుర్తుంది, ఉప్పటి నీళ్ళు గుర్తున్నాయి, పెళ్ళాం చెవి గుర్తు లేదు. ఈమెకు ఒళ్ళు మండిపోయింది. గబగబా పటం దగ్గరికి నడిచి, తాబేళ్ళ దీవి మీది చుక్కని గోటితో ఊడబీకింది.

"వదినా, నాతో వస్తారా?"

"బేకరీకి తాళం వేసొస్తా, పద" అంది అక్కగారు.

"అదేమిటి! ఆ దీవిని నేను ఫెయిల్ చేశాను కదా!" అని మాస్టారు ఒంటికాలి మీద లేచాడు.

"మీరు చేశారు. నేను చెయ్యలేదు."

వెళ్ళారు. అక్కగారు ఒడ్డున గొడుగు కింద కుర్చీలో కూర్చుంది. ఈమె పడవ మీంచి వెనక్కి వాలి నీళ్ళలో పడింది, ముక్కు పట్టుకుని గాలి ఊది చెవులు సర్దుకుంటూ నెమ్మదిగా దిగింది. అడుగున నీలం వెలుతురు. ఎవరూ మాట్లాడరు, మాట్లాడలేరు. ఎవరి మాటా వినపడలేదన్న సిగ్గు అక్కడ లేదు. ఓ ముసలి తాబేలు పక్కనుంచి వెళ్తూ ఈమెను ఒకసారి చూసింది. పైనుంచి కింది దాకా తిప్పి చూడలేదు. చూసి, తన దారిన తాను పోయింది. అలా ఏ వంకా పెట్టకుండా తనని చూసి వదిలేసిన ప్రాణి ఈమెకు ఇన్నాళ్ళకి కనపడింది. మళ్ళీ కళ్ళద్దాల్లో ఏడుపొచ్చింది, ఈసారి తుడుచుకోవాలనిపించలేదు.

తిరిగొచ్చాక డాక్టరు చెప్పిన రోజుకే ఆపరేషన్ జరిగింది. చెవిలో దూది, తల చుట్టూ కట్టు. ఆసుపత్రి మంచం పక్కన కుర్చీ వేసుకున్న మాస్టారు నర్సు కట్టిన కట్టు వైపు అనుమానంగా చూస్తూ, అన్నాళ్ళుగా కడుపులో దాచుకున్న ప్రశ్న అడిగాడు.

"నిజం చెప్పు. ఆ దీవిలో లోపమేమీ లేదా?"

"ఒక్కటుంది" అంది ఈమె. "పైకి రావాల్సి వచ్చింది."

"చూశావా, నేను ముందే చెప్పాను!" అని మాస్టారు వెలిగిపోయాడు. ఇక మొదలుపెట్టాడు, కట్టు వదులుగా ఉందనీ, మంచం కాలు కదులుతోందనీ, కిటికీ తెర ఒకవైపు జారిందనీ.

ఈమె మెల్లగా పక్కకి ఒత్తిగిలింది. వినపడే చెవిని దిండులోకి నొక్కి, దూది పెట్టిన చెవిని ఆయన వైపుకి తిప్పి కళ్ళు మూసుకుంది.