గాలి పిండిన గానుగ

మొన్న నందిగామలో మనవరాలితో కలిసి బజారుకి వెళితే, కొత్తగా తెరిచిన ఒక కొట్టు ముందు జనం ఖాళీ సీసాలు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. పైన బోర్డు మీద గానుగ నూనె అని రాసి, పక్కన బాగా బలిసిన ఎద్దు బొమ్మ వేశారు. లోపల మాత్రం కరెంటు మోటారు బర్రుమంటోంది. ఎక్కడ నిలబడితే అక్కడ నలుగుర్ని నవ్వించే రకం నేను, ఆ పూట మాత్రం మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చేశాను. కోపం వచ్చింది. అరవయ్యేళ్ళు దాటిన కోపం, ఈపాటికి చల్లారాలి, చల్లారలేదు. నా ఈడువాళ్ళకైతే అర్థమవుతుందని రాస్తున్నాను.

ఆరో తరగతితో చదువుకి దణ్ణం పెట్టేసి (చదువు కూడా నాకు దణ్ణం పెట్టిందనుకోండి), ఇరవయ్యేళ్ళు వచ్చేనాటికి నేను జగ్గయ్యపేటలో గంటల లెక్కన సైకిళ్ళు అద్దెకిచ్చే కొట్టు నడుపుతున్నాను. మా అక్కని ఇచ్చింది ఆ ఊళ్ళోనే, గానుగల బజారులో. ఆ బజారులో ఆరిళ్ళకి ఆరు గానుగలుండేవి. పెనుగంచిప్రోలు దాకా చుట్టుపక్కల రైతులు నువ్వులూ వేరుశెనగలూ బళ్ళ మీద తెచ్చేవారు. కళ్ళకి గంతలు కట్టిన ఎద్దులు తిరుగుతుంటే, తెలగపిండి వాసనకి దారిన పోయేవాడికి ఆకలేసేది. మా బావ గానుగ పలక మీద కూచుని తిరుగుతూనే ఎదురింటివాళ్ళతో సరసాలాడేవాడు. ఎదురింటాయన అన్న మాటకి ఇంకో చుట్టు తిరిగొచ్చాక జవాబు చెప్పేవాడు. బావమరిదిగా ఆయన్ని ఎంతమాటైనా అనే హక్కు నాకుంది, ఎంతమాటన్నా నవ్వాల్సిన బాధ్యత ఆయనకుంది. మన వైపు ఆ మర్యాద ఎలాంటిదో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆ తరవాత రోడ్డు మీద నూనె మిల్లు వచ్చింది. చవకగా దొరికే నూనెకి ఊరు ఊరంతా డబ్బాలు పట్టుకుని పరిగెత్తింది. మా ఇంట్లోనూ ఆ నూనే వాడాం, అబద్ధం ఎందుకు. రెండేళ్ళు తిరక్కుండా ఆరు గానుగల్లో అయిదు ఆగిపోయాయి. ఒకాయన అదే మిల్లులో బస్తాలు మోయడానికి కుదిరాడు, ఒకాయన హైదరాబాదు వెళ్ళిపోయాడు, ఒకాయన సారాకి అలవాటుపడి పెళ్ళాన్ని కొట్టడం మొదలుపెట్టాడు. అరుగు మీంచి అరుగుకి మాటలు విసురుకున్న మనుషులు పట్టపగలు తలుపులు వేసుకున్నారు. నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు బిందె తగిలిందని జుట్లు పట్టుకున్నారు. ఒక బజారు మొత్తానికి వచ్చిన జబ్బుని ఎవడికి వాడు తన చేతకానితనమే అనుకున్నాడు, ఊళ్ళోవాళ్ళూ అదే అన్నారు. చవక నూనెలో వేయించిన పకోడీలు నములుతూ వాళ్ళకి బుద్ధులు చెప్పిన పెద్దమనుషుల మొహాలు నాకు ఇప్పటికీ గుర్తే.

ఆరో గానుగ మా బావది. ఆయన ఎక్కడికీ పోలేదు, తాగలేదు, కొట్టలేదు. రోజులో ముప్పాతిక భాగం గోడవైపు తిరిగి పడుకునేవాడు. కంచంలో పెట్టింది పెట్టినట్టే ఉండేది. కానీ పొద్దున్నే లేచి, ఎద్దుకి మేత వేసి, నీళ్ళు పెట్టి, గంతలు కట్టి గానుగకి పూన్చేవాడు. రోట్లో గింజ ఉండదు. గింజ పడిన గానుగ మూలుగుతుంది, ఉత్త గానుగ కిర్రుమని ఏడుస్తుంది. ఆ ఏడుపు విని బజారంతా నవ్వుకునేది. నేను మాత్రం తక్కువ తిన్నానా?

"ఏం బావా, ఈ పూట ఎన్ని కుండల గాలి పిండావు?"

"రెండు కుండలు రా బామ్మర్దీ, నీ బుర్రకి పట్టించడానికి సరిపోద్ది," అన్నాడు మొదట్లో. పోనుపోను జవాబు చెప్పడం మానేసి, ఊరికే పళ్ళు కనబడేట్టు నవ్వేవాడు. నవ్వుతున్నాడు కదా, మనిషికేం, బాగానే ఉన్నాడు, ఒళ్ళొంగక నటిస్తున్నాడని ఇంటికెళ్ళి మా నాన్నకి చెప్పింది నేనే.

పెద్దవాళ్ళు కూచుని తేల్చారు: పనిలేని ఎద్దుకి మేత దండగ, దాన్ని అమ్మేస్తే ఈ పిచ్చి ఆట కట్టి మనిషి దారిలో పడతాడు. అక్క ఒక్కతే అడ్డం పడింది. "ఆ ఎద్దు కోసవే నాన్నా ఆయన లేచేది, అదీ లేకపోతే లెగవడు," అంది. ఆడదాని మాటని కొట్టిపారేశాం. నందిగామ దగ్గర ఒక రైతుకి బేరం కుదిర్చారు. బావ పడుకున్న వేళ చూసి ఎద్దుని విప్పి, చిల్లకల్లు మీదుగా రోడ్డు వెంట తోలుకెళ్ళి అప్పగించింది ఈ చేతుల్తోనే. దారిలో లారీ వచ్చినప్పుడల్లా అది బెదిరి నాకు ఆనుకునేది. దాని మీదా హాస్యాలాడుతూ నడిచాను.

తిరిగొచ్చేసరికి బావ ఖాళీ కొట్టం ముందు గంతల గుడ్డ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. చుట్టూ నలుగురున్నారు, నేనేదో ఒకటి అనాలి.

"ఇంకేం బావా, రేపట్నుంచి ఆ గంతలు నువ్వే కట్టుకుని తిరగాలి!"

అందరూ విరగబడి నవ్వారు. మర్యాద తప్పని మనిషి, బావ కూడా నవ్వాడు. అదే ఆఖరు.

మర్నాడు చీకటుండగానే లేచి కొట్టం దాకా వెళ్ళి, కాసేపు నిలబడి, వచ్చి పడుకున్నాడట. ఆ తరవాత ఎవరైనా లేపితే తప్ప లేవలేదు. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు, మొహాన నీళ్ళు కొట్టారు, సిగ్గు లేదా అని తిట్టారు. అక్క నాలుగిళ్ళలో పిండి విసిరి, ఆయన పోయేదాకా తొమ్మిదేళ్ళు సాకింది. నేను వెళ్ళినప్పుడల్లా ఆయన కళ్ళు తెరిచి చూసి మళ్ళీ మూసుకునేవాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. అది లేదు గనకే ఆయన వాటా కోపం కూడా నేనే పడుతున్నాను.

అక్క పోయేముందు ఒక్క మాటంది. "నవ్వించావు తమ్ముడూ, కాదన్ను. ఒక్కపూటన్నా మీ బావ పక్కన ఊరికే కూచున్నావా?"

ఇప్పుడు దానికి డాక్టర్లు డిప్రెషన్ అని పేరు పెట్టారు, బిళ్ళలున్నాయి, సంతోషం. మందు మారింది గానీ మాట మారలేదు. మా వీధి చివర పని పోయి ఇంట్లో పడుకుంటున్న ఇద్దరు పిల్లల తండ్రిని, ఒళ్ళొంగదు వాడికి అని అందరూ అంటూనే ఉన్నారు. ఆ మాటన్న వాళ్ళతో ఈ వయసులో కలబడలేను, కలబడాలనే ఉంటుంది. పొద్దున్నే కర్ర పట్టుకుని ఆ ఇంటికి వెళుతున్నాను. హాస్యాలు ఆడను. అతను లేచి ఉంటే పక్కన కూచుంటాను, లేవకపోతే లేచేదాకా కూచుంటాను.