సముద్రంలో నాన్న ప్రార్థన

ఒరిస్సా కొత్తగా వేరే రాష్ట్రమైన రోజులవి. నాన్న బరంపురం చర్చిలో ఉపదేశి. మంచిపనుల వల్ల కాదు, క్రీస్తును నమ్మడం వల్లే ఆత్మకు రక్షణ అని ప్రతి ఆదివారం బోధించేవారు.

రంగూన్‌లో ఉన్న నా భర్త దగ్గర నన్ను దిగబెట్టడానికి బయలుదేరారు. గోపాలపూర్‌లో ఓడ దగ్గరికి పడవలో వెళ్తుంటే కెరటాలకు అది బోల్తాపడింది. నాన్న ఒక చేత్తో నన్ను, ఇంకో చేత్తో పడవను పట్టుకుని అరిచారు. "ప్రభువా, రోగులకు సేవ సేసినాను. ఏ పూటా ప్రార్థన మానలేదు. నన్నొగ్గీకు."

జాలర్లు మమ్మల్ని ఒడ్డుకు చేర్చారు. నాన్న ఇసుకలో కూలబడ్డారు.

"బతికాం కదా నాన్నా" అన్నాను.

"సావొచ్చీసరికి నా పనులే సెప్పుకున్నానమ్మా. మరి నేను నమ్మిందేటి?"

ప్రయాణం మానుకుని బరంపురం తిరిగొచ్చాం. తర్వాతి ఆదివారం నాన్న ప్రసంగం మధ్యలో ఆగిపోయి, బైబిలు మూసేసి కూర్చున్నారు. దేవుడే కాపాడాడని సంఘమంతా సంతోషించింది. తనకు రక్షణ ఉందని నాన్న మాత్రం మళ్లీ ధైర్యంగా అనలేకపోయారు.