మా బాపు చైను పడే చోటు

పోయిన వారం మా కాలనీలో కొత్తగా దిగిన టీచరమ్మ ఒకామె చేతిలో ఫోను పట్టుకుని మా ఇంటికి వచ్చింది. వచ్చే నెలలో ఏదో సైకిల్ పోటీ ఉందట, అందులో కొంత తారు రోడ్డు, కొంత మట్టి బాట, కొంత రాళ్ళ దారి ఉంటాయట, అన్నిటికీ పనికొచ్చే సైకిలు ఏదో చెప్పమని అడిగింది. ఈ వీధిలో నన్ను సైకిల్ మేడమ్ అంటారు. ముప్పై ఏళ్ళు నర్సు ఉద్యోగం చేసి పల్లెపల్లెకూ తిరిగి సూదులు వేసిన సంగతి ఒక్కరికీ గుర్తులేదు గానీ, అరవై దాటిన మనిషి పొద్దున్నే సైకిలేసుకుని పానగల్ దాకా పోయి రావడం మాత్రం అందరికీ విడ్డూరమే. టైర్లు, గేర్లు, బరువు అంటూ ఏదో చెప్పబోయాను, కానీ నోటికి ముందుగా మా బాపు సంగతే వచ్చింది. పాపం, ఆమెకు తలా తోకా అర్థం కాక చాయ్ తాగి వెళ్ళిపోయింది. నా ఈడు వాళ్ళకైతే ఎక్కువ చెప్పకుండానే అర్థమవుతుందని ఇక్కడ రాస్తున్నాను.

మాది నల్లగొండకు కొంచెం దూరంలో ఉన్న చిన్న ఊరు. బాపు కూలి మనిషి, సెంటు భూమి లేనివాడు, అయినా ఎక్కడో పాత సైకిలు ఒకటి సంపాదించాడు, మా వాడలో అదే మొదటి సైకిలు. నన్ను ముందు బారు మీద కూర్చోబెట్టుకుని పక్క ఊరి బడికి తీసుకుపోయేవాడు. ఊరి నడిమి వీధిలో దొర గడి, కోట లాంటి బంగళా, ఉండేది. సరిగ్గా ఆ గడి గోడ మొదలయ్యే వేపచెట్టు దగ్గరికి రాగానే బాపు ఆగి, "చైన్ వడ్డది, దిగు బిడ్డా" అనేవాడు. ఇద్దరం దిగి, ఆయన సైకిలు నడిపించుకుంటూ, నేను పలక పట్టుకుని, గోడ పొడుగునా నడిచేవాళ్ళం. ఇక్కడే వేసుకోరాదా బాపు అంటే, ముందటికి పోయి వేసుకుందాం అనేవాడు. గోడ అయిపోయాక వంగి ఏదో సర్దినట్టు చేసి మళ్ళీ ఎక్కించుకునేవాడు. ఏం సైకిలో ఏమో, లోకంలో ఎక్కడా పడని చైను రోజూ అక్కడే పడుతుందేమిటా అనుకునేదాన్ని.

నాకు పదేళ్ళప్పుడు, ఒకసారి బాపుతో అంగడికి పోయినప్పుడు, సైకిల్ షాపాయన కాళ్ళావేళ్ళా పడి ఆ చైను బాగా బిగించి నూనె వేయించాను. ఇంక మా బాపుకు తిప్పలు తప్పాయని రాత్రంతా సంబరపడ్డాను. తెల్లారి వేపచెట్టు దగ్గరికి రాగానే బాపు మళ్ళీ అదే మాట అన్నాడు. వంగి చూశాను. చైను బిగుతుగా, నూనెతో నిగనిగలాడుతూ ఎక్కడిదక్కడే ఉంది. తలెత్తి చూస్తే బాపు నా మొహం చూడకుండా భుజం మీది తువ్వాల తీసి నడుముకు చుట్టుకుంటున్నాడు. మా వాడ వాళ్ళు గడి ముందు సైకిలెక్కి పోకూడదని, భుజాన తువ్వాల ఉండకూడదని నాకెవరూ చెప్పలేదు, ఆ పొద్దు నాకే తెలిసిపోయింది. మర్నాటి నుంచి వేపచెట్టు కనబడగానే నేనే ముందుగా "చైన్ వడ్డది బాపు" అని కిందికి దూకేదాన్ని. ఆయన తల ఊపి దిగేవాడు, అసలు సంగతి మాత్రం మా ఇద్దరి మధ్య ఎన్నడూ రాలేదు.

కాలం మారింది. గడి వాళ్ళు పట్నం చేరారు, వీధి గోడ తప్ప లోపలంతా కూలింది, ఆపే నాథుడు లేడు. అయినా బాపు కాళ్ళలో సత్తువ ఉన్నన్నాళ్ళూ ఆ చెట్టు దగ్గర దిగుతూనే ఉన్నాడు. ఇప్పుడెవరున్నారని దిగుతున్నావు బాపూ అని ఒకసారి గట్టిగా కసురుకుంటే, చైను బాగలేదు బిడ్డా అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు, ఒక మనిషి కాళ్ళకు అంత గట్టిగా భయం నేర్పిన వాళ్ళ మీద. తెలంగాణ వచ్చిన ఏడాదే బాపు పోయాడు. ఉద్యోగం వచ్చాక నాకు బస్సులు, తర్వాత స్కూటీ. ఆ వీధిలో నేనూ ఎన్నడూ సైకిలెక్కి పోలేదు.

బాపు పోయిన రెండు మూడేళ్ళకు నాకు షుగర్ వచ్చింది. దవాఖానలో డాక్టరు నడకో సైకిలో పట్టమంటే సైకిలే పట్టాను. అప్పుడే ఎవరో పట్నం వాళ్ళు నల్లగొండలో సైకిల్ పోటీ పెడుతున్నట్టు కాగితం అంటించారు. తారు రోడ్డు, మట్టి బాట, ఆ తర్వాత గట్టు మీదుగా మా ఊరి నడిమి వీధి, అక్కడి నుంచి మళ్ళీ నల్లగొండ. మా ఊరి పేరు కనబడగానే ఆ కాగితం మళ్ళీ మొదటి నుంచి చదివాను. బహుమతి ఎవరికి కావాలి? వేపచెట్టు నుంచి గోడ చివరి దాకా సీటు మీది నుంచి దిగకుండా, కాలు నేలకు ఆనించకుండా పోవాలి, అంతే. పేరు రాయించాను.

ఇంక ఏ సైకిలు అన్న దగ్గర ఇంట్లో పంచాయితీ మొదలైంది. నా మనసంతా బాపు సైకిలు మీదే ఉంది, తమ్ముడు దాన్ని కొట్టంలో గోడకు ఆనించి ఉంచాడు. వాడేమో తన దోస్తు దగ్గర సన్న టైర్ల రేసు సైకిలు తెచ్చి, గాలి లెక్క పోతది అక్కా, తొక్కి చూడమని వెంటపడ్డాడు. అది తొక్కితే మనిషి సగానికి సగం వంగిపోవాలి. తల వంచుకుని పోవడానికేనా నేను ఇంత ఆరాటపడేది, పోరా అన్నాను.

అయితే అసలు చిక్కు ఆ కాగితంలో ఉన్న గట్టు అనే మాటతో వచ్చింది. మా వైపు గట్టంటే గుట్ట. చెర్వుగట్టు జాతరకు పోయే వాళ్ళెవరినడిగినా చెబుతారు, ఎక్కేది గుట్టే గానీ చెరువు కాదు. మా ఊరి పక్కన కూడా బోడి రాళ్ళ గట్టు ఒకటుంది, దాని మీద గొర్ల బాట తప్ప మరో దారి లేదు. అనుమానం తీరక కాగితం మీది నంబరుకు ఫోను చేశాను. ఎత్తినాయన కోస్తా మనిషి, ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

"గట్టు ఎక్కాల్నా సారూ?"

"అవునండీ, గట్టెక్కాలండి. గట్టు మీద రెండు కిలోమీటర్లు వెళ్ళాలండి."

అయిపోయింది! బాపు సైకిలుతో ఆ రాళ్ళెక్కడం నా తాతల తరం కాదు. సైకిల్ షాపు భాయి దగ్గరికి పోయాను. ఎవరో కొని నాలుగు నాళ్ళు తొక్కి మూలన పడేసిన గేర్ల సైకిలు ఆయన దగ్గర ఉంది, గుబ్బల గుబ్బల లావు టైర్లది. గట్టంటే మాటలా అక్కా అని ఆయన వెనక చక్రానికి ఇంకా పెద్ద పళ్ళ చక్రం ఎక్కించాడు, గుండ్రాళ్ళ మీద చక్రం ఎగిరి పడకుండా టైర్లలో గాలి తగ్గించాడు. నేను మాత్రం ఒక్క షరతు పెట్టాను. బాపు సైకిలు సీటు, తోలుది, కింద స్ప్రింగులున్నది, ఊడదీసి తెచ్చి దీనికి వేయమన్నాను.

"గీ బండికి గా సీటా? జనం నవ్వుతరక్కా."

"నవ్వనీ భాయి. నువ్వు గట్టిగా బిగించు."

పోటీనాడు పొద్దున అందరూ సన్న టైర్ల వాళ్ళే. నన్నూ నా సీటునూ చూసి నవ్వినవాళ్ళు నవ్వారు. బయలుదేరే ముందు మైకులో మాత్రం ఒక మాట చెప్పారు. మా ఊరి నడిమి వీధిని నీళ్ళ పైపుల కోసం తవ్వేశారట, కాబట్టి అక్కడ అందరూ సైకిలు దిగి నడవాలి, తొక్కుకుంటూ పోయిన వాళ్ళ పేరు కొట్టేస్తారు. లోకంలో ఇన్ని వీధులుండగా దిగమన్నది సరిగ్గా అక్కడే! అంతదూరం తొక్కుతూ ఆ కోపమంతా పెడల్ మీదే చూపించాను.

పానగల్ దాటి, మట్టి బాట పట్టి, మా ఊరి గట్టు దగ్గరికి వచ్చేసరికి బాణం గుర్తు గట్టు వైపు లేదు, చెరువు వైపు ఉంది. వాళ్ళు గట్టన్నది చెరువు కట్టనట! అరచేయంత చదునుగా, రోడ్డు రోలరు తొక్కినట్టున్న కట్ట. ఓరి మీ భాష తగలెయ్య, కట్టను కట్ట అనడానికి ఏం రోగం అనుకున్నాను. గాలి తక్కువ లావు టైర్లు ఆ కట్ట మీద జీడిపాకంలా అతుక్కుపోతుంటే, వెనకున్న వాళ్ళంతా ఒక్కొక్కరే నన్ను దాటుకుని రివ్వున పోయారు. వాళ్ళ వీపులు చూసుకుంటూ అందరికంటే ఆఖరున ఊళ్ళోకి వచ్చాను.

వేపచెట్టు దగ్గర ఎర్ర జెండా పట్టుకుని ఒక వలంటీరమ్మాయి నిలబడి ఉంది. వీధి నడుమ పొడుగునా కందకం, పక్కన మొరం మట్టి కుప్పలు, గోడకు ఆనుకుని జానెడు దారి, అందులో అంతా కంకర. గాలి లెక్క పోయిన వాళ్ళందరూ సైకిళ్ళు భుజాన వేసుకుని తంటాలు పడుతూ నడుస్తున్నారు. ఆ అమ్మాయి జెండా అడ్డం పెట్టి, దిగండి మేడమ్, ఇక్కడ దిగాలి అంది. మంచి పిల్ల, పాపం, ఆమెకేం తెలుసు? ఎక్కడి నుంచి వచ్చిందో గానీ నా నోటికి ఒకటే మాట వచ్చింది.

"నా చైన్ వడలేదు బిడ్డా."

ఆమె తెల్లమొహం వేసింది. నేను జెండా పక్క నుంచి తప్పించుకుని, గేరు అడుగుకు దించి కంకరలోకి దూరాను. ఆ గట్టు కోసం వేయించిన పళ్ళ చక్రం, ఆ గుండ్రాళ్ళ కోసం తగ్గించిన గాలి, అన్నీ ఇప్పుడు పనికొచ్చాయి. గుబ్బలు కంకరను కరిచి పట్టుకున్నాయి. గడి గుమ్మం ఎదుట ముందు చక్రం మొరంలో కూరుకుని సైకిలు కందకం వైపు ఒరిగింది, ఎడమ కాలు పెడల్ మీది నుంచి లేచింది, నేలకు బెత్తెడు దూరం కూడా లేదు. అప్పుడు ఎదురింటి గడపలో కూర్చున్న మా వాడ అవ్వ ఒకామె, బాపు ఈడుది, లేచి నిలబడి అరిచింది.

"దిగకు బిడ్డా! సచ్చినా దిగకు!"

దిగలేదు. కాలు మళ్ళీ పెడల్ మీద పెట్టి ఎలా తొక్కానో నాకే తెలియదు. గోడ అయిపోయింది. ఊరవతల వాగు మీది మోరీ దాకా పోయి అప్పుడు ఆగి, బాపు సీటు మీద కూర్చునే వెక్కి వెక్కి ఏడ్చాను. నల్లగొండలో నా పేరు కొట్టేశారు, మెడల్ లేదు, మీరు నియమం తప్పారు మేడమ్ అన్నారు. తప్పాను, కావాలనే తప్పాను, ఎర్ర సిరాతో కొట్టేయండి అన్నాను.

మొన్న ఆదివారం సైకిలేసుకుని, ఆ టీచరమ్మను వెంటబెట్టుకుని ఆ దారి చూపిద్దామని పోయాను. ఇప్పుడు నడిమి వీధి సిమెంటు రోడ్డు. పిల్లలు మోటారు సైకిళ్ళ మీద ముగ్గురేసి కూర్చుని హారన్ కొట్టుకుంటూ ఆ గోడ ముందు నుంచి దూసుకుపోతున్నారు, తలైనా తిప్పి చూడరు. బతుకంటే అలాగే ఉండాలి. కానీ ఇక్కడ దిగి నడిచిన వాళ్ళను ఎరిగిన మనుషులే తగ్గిపోతున్నారు, నన్ను దిగొద్దన్న అవ్వ కూడా పోయింది, అది తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. అలా అనుకుంటూ వేపచెట్టు దాటానో లేదో, టక్కున చప్పుడై పెడల్ ఉత్తిగా తిరిగింది. వంగి చూస్తే చైను కిందికి వేలాడుతోంది.

దిగాను. గడిలో ఆ గోడ కాక మిగిలింది వాకిలి అరుగు ఒక్కటే, పోయి దాని మీద దర్జాగా కూర్చున్నాను. ఎవరైనా ఏమైనా అంటారేమో మేడమ్ అని టీచరమ్మ జంకింది. అననీ చూద్దాం అన్నాను. ముందటికి పోలేదు, వంగి సర్దినట్టు నటించలేదు, అక్కడే, చేతులకు నల్ల నూనె అంటించుకుంటూ, తీరుబాటుగా ఒక్కొక్క పంటికీ చైను ఎక్కించాను. ఎక్కిస్తూ, ఆ వీధంతా వినబడేటట్టు గట్టిగా అన్నాను.

"చైన్ వడ్డది బాపూ! ఈసారి నిజంగనే వడ్డది!"