రాణిగారి కొంగు

నా నోరు మూయించేవాళ్ళు ఇంకా పుట్టలేదని అంటుంటారు గదా మీరంతా. నిన్న హిందూపురం సినిమా డేరాలో మా అత్త ఆ పని ఒక్క మాటతో చేసేసింది. చెప్తా వినండి. నవ్వినవాళ్ళకు మాత్రం కాఫీ లేదు.

పోయిన ఏడు మా పెనుకొండ కోటలో మద్రాసు కంపెనీ వాళ్ళు పాతకాలపు రాజుల బొమ్మ తీశారు గదా. పోయి చూస్తే, రాణి ఊరేగింపు చూసే ఊరి జనమంతా మద్రాసు నుంచి రైల్లో దిగినవాళ్ళే. మొహాలకు పిండి కొట్టినట్టు పౌడరు. నేను బళ్ళో చదివింది తక్కువే గానీ, పప్పు పొట్లం కట్టిన కాగితం కూడా వదలకుండా చదివినదాన్ని. ఊరుకుంటానా?

"ఏమయ్యా డైరెక్టరూ, ఆ రాజుల కాలానికే ఈ ఊరికి పౌడరు డబ్బా వచ్చిండెనా? ఈ కోటకు రాళ్ళు మోసినోళ్ళు, ఆ రాజులకు పట్టు నేసినోళ్ళు యాడికి పోయిరి?"

"మీ రంగు ఫిల్ములో సరిగా పడదమ్మా," అన్నాడు.

"రంగే లేని బొమ్మలో మా రంగు నిన్నేం చేసిందయ్యా?"

అసలే ఎండ, దానిమీద నేను. "సరే తల్లీ, మీవాళ్ళను తీసుకురండి. ముందువరసలో నిలబెడతా. ఒక్క తప్పు జరిగిందా, అందర్నీ పంపించేస్తా," అన్నాడు.

బండలు మోసే గంగక్క, పూలమ్మే మస్తానమ్మ, వాళ్ళ వెనక మా వీధంతా కదిలింది. గంగక్క పెళ్ళినాటి చీర పెట్టెలోంచి తీసి కట్టింది. "యాడికి పోయినా యెనక్కి పో అనేటోళ్ళే. ఈడ ముందర నిలబడమంటాండారు," అని ఒకటే మురిసిపోయింది.

కెమెరా తిరిగింది. రాణి నడిచి వస్తోంది. పట్టుకొంగు నా ముందరగా పోతోంది. నా పుట్టిల్లు ధర్మవరం. మగ్గాల ఇంట్లో పుట్టినవాళ్ళం, పట్టుచీర కనబడితే తిరగేసి వెనకవైపు చూడకుండా ఉండలేం. నేత ఎట్లాంటిదో చెప్పేది ఆ వైపే. నా చెయ్యి నన్ను అడగలేదు. కొంగు పట్టి తిరగేసింది. చూస్తే జరీ ఏదీ? బంకతో అంటించిన తగరపు కాగితం.

"ఇది మోసం," అనేశాను, పైకే.

రాణి మెడ వెనక్కి లాగేసినట్టయింది. కిరీటం జారి మస్తానమ్మ పూలబుట్టలో పడింది. డైరెక్టరు నెత్తి పట్టుకుని కూలబడ్డాడు. పక్కకు చూస్తే గంగక్క, ఎవరూ ఏమీ అనకముందే, కుచ్చెళ్ళు పట్టుకుని వెనక్కి జరుగుతోంది.

"అయ్యా, తప్పు నాది. నన్ను పంపించు. వాళ్ళనేమీ అనొద్దు," అన్నాను. నా నోట 'అయ్యా' అనే మాట మా వీధివాళ్ళు వినడం అదే మొదలు.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "వాళ్ళను ఉండనివ్వండి. ఈమె రెండు చేతులకూ ఏదైనా పని పెట్టండి," అన్నాడు.

ప్రాణం లేచివచ్చింది. ఇంత పెద్ద కుండ తెచ్చి ఇచ్చారు. నేనా పొట్టిదాన్ని. రెండు చేతులా వాటేసుకుని నిలబడ్డాను.

నిన్న డేరాలో గంగక్క తెరనిండా నవ్వుతూ కనబడింది. ఆడవాళ్ళ వైపంతా చప్పట్లు. నా తప్పుకు వాళ్ళను బొమ్మలోంచి తీసేసి ఉంటారేమోనని ఏడాదిగా గుండెమీదున్న బరువు దిగిపోయి, నేనూ కొట్టాను. మా అత్త మాత్రం కళ్ళు చికిలించి తెరంతా వెతికింది.

"మనోళ్ళంతా ఉండారు. నువ్వు యాడుండావే?"

"ఆ కుండ యెనకాల, అత్తా."

ఆమె ఇంకోసారి తేరిపార చూసింది.

"కుండ బాగా యాక్టు చేసినాది," అంది.