మెడ మీద పసుపు

ఇది రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ చెయ్యి ఆగిపోయింది. నేను అయిదో తరగతి దాకే చదివాను. తప్పులుంటే మీరే సరిచేసుకొని చదవండి. పేరు మాత్రం అడగొద్దు.

మార్కాపురంలో ఒక సావుకారి ఇంట్లో పనిచేసేదాన్ని. వాళ్లకు పలకల ఫ్యాక్టరీ ఉంది. పలకరాయి తీసే గని మాత్రం సావుకారమ్మ పేరు మీద ఉండేది. ఆమె పుట్టింటివాళ్లు ఇచ్చింది. సావుకారికి పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక వ్యాపారం కొడుకు చేతికొచ్చింది. అతను గని అమ్ముదామంటాడు. ఆమె ఒప్పుకోదు. గిద్దలూరులో కాపురముంటున్న కూతురికి అందులో సగం ఇవ్వాలని ఆమె పట్టు. ఒకరోజు వంటింట్లో కూరగాయలు తరుగుతుంటే నాకు వినపడింది.

"నేను సచ్చినాక అమ్ముకో పోరా. అందాకా నోరు మూసుకొని ఉండు," అంది ఆమె.

మర్నాడు పొద్దున నేను పనికి పోయేసరికి ఆమె చనిపోయి ఉంది. గుండె ఆగిపోయిందని కొడుకు అందరికీ చెప్తున్నాడు.

వాళ్ల ఇళ్లల్లో తల్లి పోతే కూతురు వచ్చేదాకా ఆగుతారు. శవానికి మొదటి చెంబు నీళ్లు కూతురే పోయాలి. గిద్దలూరు ఎంత దూరం? బస్సెక్కితే వచ్చేస్తుంది. కొడుకు ఆగలేదు. ఎండెక్కితే కష్టం, నీళ్లు పొయ్యమని నన్ను పిలిచాడు. కోడలు భయమని లోపలికి రాలేదు.

భర్త ఉండగా పోయిన ఆడమనిషికి ఒళ్లంతా పసుపు పూస్తారు. నేను నీళ్లు పోసి, జుట్టు పక్కకు తీసి, మెడ తుడిచాను. చెయ్యి ఆగిపోయింది. మెడ కమిలి నల్లగా ఉంది.

తలెత్తితే కొడుకు గడప దగ్గర నిలబడి ఉన్నాడు. అంత ఉక్కలో ఫుల్ చేతుల చొక్కా వేసుకున్నాడు. చొక్కా చెయ్యి కాస్త పైకి జరిగి, మణికట్టు దగ్గర గోళ్లతో గీరిన గీతలు కనపడ్డాయి.

"పసుపు బాగా పట్టియ్యక్కా," అన్నాడు. "మాయమ్మ పుణ్యస్త్రీ గదా."

అంతే. బెదిరించలేదు. ఏదో ఇస్తానని కూడా అనలేదు. మరి నేనెందుకు పూశాను? భయపడి పూశానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజమేనా? నా కొడుకు వాళ్ల ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు, మేముండే ఇల్లు వాళ్లది, పెద్దోళ్ల ఇంటి గొడవ నాకెందుకు అనే మాట అప్పుడే మనసులోకి వచ్చేసింది, అది వచ్చాక చెయ్యి దానంతట అదే కదిలింది. ఒక పూత పూశాను. మరక కనపడింది. ఇంకో పూత పూశాను. నా కాన్పప్పుడు పథ్యం వండి పంపిన మనిషి ఆమె.

కూతురు వచ్చేసరికి పాడె కట్టేశారు. తల్లి మీద పడి ఏడ్చింది. ఉన్నట్టుండి లేచి నన్ను దొడ్లోకి లాక్కుపోయింది.

"నేను రాకుండా నీళ్లెందుకు పోసినారక్కా?"

"ఎండ ఎక్కువైతుందనీ..."

"మెడకు అంత మందంగా పసుపేంది? నా మొగం జూసి చెప్పు. అమ్మ మెడ మీద ఏమన్నా ఉండిందా?"

"ఏం లేదు తల్లీ. నిద్ర పోయినట్టే ఉండింది."

అప్పటికి నా గోళ్లలో పసుపు పోలేదు. సాయంత్రానికి శవం కాలిపోయింది. నా నోరు తప్ప సాక్ష్యం ఏదీ మిగల్లేదు.

కూతురు ఊరుకోలేదు. పెద్దమనుషుల దగ్గర అన్న మీద అనుమానం చెప్పింది. వాళ్లు నన్ను పిలిచి అడిగారు. నేను మళ్లీ అదే మాట చెప్పాను. గని కోసం సొంత అన్న మీదే నింద వేసిందని అందరూ ఆమెనే తిట్టారు. ఆమెకు పుట్టింటి గడప లేకుండా పోయింది. గని అమ్ముడుపోయింది. నా కొడుకు సూపర్‌వైజర్ అయ్యాడు. సావుకారి మాత్రం బతికినన్నాళ్లూ నా చేత్తో జావ తాగలేదు. చెంచా దగ్గరికి తెస్తే మొహం తిప్పుకునేవాడు. ఆయనకు మాట పడిపోయింది. నాకు ఉంది కదా. ఉండి ఏం చేశాను?

ఏటా సావుకారమ్మ తద్దినానికి నన్ను పిలుస్తారు. పటానికి బొట్టు నా చేతే పెట్టిస్తాడు కొడుకు. "మాయమ్మకు ఆఖరి నీళ్లు పోసింది ఈ అక్కే," అని వచ్చినవాళ్లకు చూపిస్తాడు. విస్తరి ముందు కూర్చుంటాను. తింటాను కూడా. మా ఇంట్లో మాత్రం కూరలో పసుపు వెయ్యను. నా కోడలు అడిగితే నాకు పడదంటాను.

మొన్న గిద్దలూరు బస్టాండులో ఆ కూతురు కనపడింది. జుట్టు నెరిసింది. నన్ను చూసి దగ్గరికొచ్చి చేతులు పట్టుకుంది.

"నేనే పాపిష్టిదాన్నక్కా. నువ్వు ఏం లేదని చెప్పినా వినకుండా అన్నను ఊరికే అనుమానించినా. ఈసారి తద్దినానికొచ్చి ఆయన కాళ్లు పట్టుకుంటా. నువ్వు నా పక్కనుండు."

తలూపాను. తలూపి మార్కాపురం బస్సెక్కాను.

తద్దినం దగ్గర పడుతోంది. ఆమె వస్తుంది, వాడి కాళ్ల మీద పడుతుంది, నేను పక్కన నిలబడాలి. ఆమెకు చెప్పే ధైర్యం నాకు రాదనా మీకు చెప్తున్నాను, లేక ముందు మీతో అంటే రేపు నోరు తిరుగుతుందనా? తెలియదు. క్షమించమని ఎవరినీ అడగను. దొడ్లో ఆమె అడిగినదానికి జవాబు మాత్రం ఇక్కడ రాస్తున్నాను. ఈసారి చెయ్యి ఆగడం లేదు.

ఉండింది తల్లీ. మీయమ్మ మెడకు రెండు పక్కలా వేళ్ల గుర్తులు ఉండినాయి. నేను చూసినా. చూసే పసుపు పూసినా.